సరైన జవాబు ఒకటి, తప్పు జవాబులు ఆరు: కణ చలనం లెక్కపై ఒక కేస్ స్టడీ

లెక్క ఇది. ఒక కణం ఎక్స్-అక్షం మీద ముందుకూ వెనక్కూ కదులుతోంది. టి సెకన్ల దగ్గర దాని స్థానం, మీటర్లలో:

ఎక్స్ = 2టి³ − 15టి² + 24టి + 5

టి = 0 నుంచి టి = 5 వరకు (అ) స్థానభ్రంశం (తుది స్థానం − తొలి స్థానం) ఎంత? (ఆ) కణం నడిచిన మొత్తం దూరం ఎంత? (ఇ) సగటు వేగం (స్థానభ్రంశం/కాలం), సగటు వడి (దూరం/కాలం) ఎంతెంత? (ఈ) కణం వడి (గుర్తు తీసేసిన వేగం) ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది?

టి³ అవకలజం (మార్పు రేటు) 3టి² అని తెలిస్తే చాలు, ఇంతకుమించి గణితం అక్కర్లేదు. అయినా ఒక్క (ఆ) భాగానికే ఆరు రకాల తప్పు జవాబులు పుడతాయి: 0, 5, 27, 32, 120, 255. సరైనది 49 మీటర్లు. ఆ ఆరింటిలో ఏదీ కూడికలో జారిన తప్పు కాదు. ప్రతిదాని వెనకా ఒక నమ్మకం ఉంది. ఎర్ర సిరాతో కొట్టేసి పక్కన 49 అని రాస్తే అంకె మారుతుంది కానీ నమ్మకం మారదు. వచ్చే లెక్కలో అదే ఇంకో అంకె వేసుకుని వస్తుంది. అందుకే ఇక్కడ సరైన సాధన కొంచెం, తప్పుల విచారణ ఎక్కువ.

సరైన దారి

స్థానాన్ని ఒకసారి అవకలనం చేస్తే వేగం, రెండోసారి చేస్తే త్వరణం:

వి = 6టి² − 30టి + 24 = 6(టి − 1)(టి − 4)
ఏ = 12టి − 30

వేగాన్ని కారణాంకాలుగా రాయడం అందం కోసం కాదు. వేగం గుర్తు ఎక్కడ మారుతుందో అక్కడే కనిపిస్తుంది. టి ఒకటికన్నా తక్కువగా ఉన్నప్పుడు రెండు బ్రాకెట్లూ రుణమే, కాబట్టి లబ్ధం ధనం. 1కీ 4కీ మధ్య ఒకటి ధనం, ఒకటి రుణం, వేగం రుణం. 4 దాటాక మళ్లీ ధనం. అంటే కణం మొదటి సెకను ముందుకు పోయి, మూడు సెకన్లు వెనక్కి నడిచి, చివరి సెకను మళ్లీ ముందుకు వచ్చింది.

ఇక్కడొక జాగ్రత్త. వేగం సున్నా అయిన ప్రతిచోటా కణం వెనక్కి తిరగదు. వేగం 6(టి − 2)² అయి ఉంటే టి = 2 దగ్గర కణం ఒక్క క్షణం ఆగి, అదే దిక్కులో సాగిపోతుంది. చూడాల్సింది వేగం సున్నా అయిందా అని కాదు, గుర్తు మారిందా అని.

ఇప్పుడు తిరిగిన చోట్లా, రెండు చివర్లా స్థానాలు:

టి = 0: ఎక్స్ = 5
టి = 1: ఎక్స్ = 2 − 15 + 24 + 5 = 16
టి = 4: ఎక్స్ = 128 − 240 + 96 + 5 = −11
టి = 5: ఎక్స్ = 250 − 375 + 120 + 5 = 0

5 నుంచి 16కి 11 మీటర్లు ముందుకు. 16 నుంచి −11కి 27 మీటర్లు వెనక్కి. −11 నుంచి 0కి 11 మీటర్లు ముందుకు. దూరం 11 + 27 + 11 = 49 మీ. స్థానభ్రంశం 0 − 5 = −5 మీ. సగటు వేగం −5/5 = −1 మీ/సె. సగటు వడి 49/5 = 9.8 మీ/సె.

ఆ 9.8ని చూడగానే గురుత్వం గుర్తుకొస్తే అది కాకతాళీయం మాత్రమే. ఈ లెక్కలో గురుత్వం లేదు, పైగా ఇది వడి, అది త్వరణం, ప్రమాణాలే వేరు. గురుత్వ త్వరణానికి 1901లో ప్రామాణికంగా నిర్ణయించిన విలువ 9.80665 మీ/సె². అంకె పోలికను చూసి అర్థం ఊహించుకోవడం భౌతికశాస్త్రంలో చెడ్డ అలవాటు.

(ఈ) భాగానికి వేగం గుర్తు పక్కన త్వరణం గుర్తు పెట్టి చూడాలి. త్వరణం టి = 2.5 దగ్గర రుణం నుంచి ధనానికి మారుతుంది. కాబట్టి కాలం నాలుగు ముక్కలు:

0 నుంచి 1: వేగం ధనం, త్వరణం రుణం, వడి తగ్గుతుంది
1 నుంచి 2.5: వేగం రుణం, త్వరణం రుణం, వడి పెరుగుతుంది
2.5 నుంచి 4: వేగం రుణం, త్వరణం ధనం, వడి తగ్గుతుంది
4 నుంచి 5: వేగం ధనం, త్వరణం ధనం, వడి పెరుగుతుంది

సాధన అయిపోయింది. ఇక తప్పుల సంగతి.

0 ఎలా వస్తుంది

టి = 5 పెట్టగానే ఎక్స్ = 0 వచ్చింది కాబట్టి దూరం సున్నా అనుకోవడం. ఎక్స్ అంటే ‘నడిచిన దూరం’ అన్న అలవాటు దీనికి మూలం. చిన్న తరగతుల్లో లెక్కలన్నీ మూలబిందువు దగ్గర మొదలై ఒకే దిక్కులో సాగుతాయి. అక్కడ స్థానం, స్థానభ్రంశం, దూరం మూడూ ఒకే అంకె అవుతాయి, మూడింటికీ తేడా చూపించే అవసరమే రాదు. ఈ సమీకరణం చివర ఉన్న +5 ఆ అలవాటును బయటపెట్టడానికే. టి = 0 పెట్టి తొలి స్థానం రాయడం మొదటి పనిగా చేసుకుంటే ఈ తప్పు ఇక్కడితో ఆగిపోతుంది.

5 ఎలా వస్తుంది

దీనికి రెండు దారులున్నాయి, అందుకే ఇది ఆసక్తికరం. మొదటిది తెలిసినదే: స్థానభ్రంశం −5, దూరం రుణం కాకూడదు, కాబట్టి మైనస్ తీసేసి 5. దూరమంటే స్థానభ్రంశం పరిమాణమేనన్న నమ్మకం. దిక్కు మారనంత వరకు అది నిజమే.

రెండోది మరీ లోతైన గందరగోళం. కణం ఎక్కడో వెనక్కి తిరిగిందని విద్యార్థికి తెలుసు, కానీ తిరిగే చోటు త్వరణం సున్నా అయ్యే చోటని అనుకుంటాడు. ఏ = 0 నుంచి టి = 2.5. అక్కడ ఎక్స్ = 31.25 − 93.75 + 60 + 5 = 2.5. 5 నుంచి 2.5కి 2.5 మీ, 2.5 నుంచి 0కి 2.5 మీ, మొత్తం 5. మొదటివాడికి దూరం నిర్వచనం చెప్పాలి. రెండోవాడికి దూరం నిర్వచనం వచ్చు; వేగానికీ త్వరణానికీ తేడా చెప్పాలి. జవాబు అంకె మాత్రమే చూస్తే ఇద్దరూ ఒకటే. స్టెప్పులు చదవకుండా రోగం చెప్పలేమనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

27 ఎలా వస్తుంది

ఆలోచన సరైనదే, సగంలో ఆగింది. వి = 0కి రెండు మూలాలుంటే ఒకటే తీసుకున్నారు. టి = 1 ఒక్కటే తీసుకుంటే 5 నుంచి 16కి 11, 16 నుంచి 0కి 16; మొత్తం 27. టి = 4 ఒక్కటే తీసుకుంటే 5 నుంచి −11కి 16, −11 నుంచి 0కి 11; మళ్లీ 27. 1 నుంచి 4 సెకన్ల దాకా నడిచిన ముక్క పొడవూ 27 కావడం ఇంకో యాదృచ్ఛికం. వర్గ సమీకరణం సాధించాక ‘ఏ మూలం తీసుకోవాలి’ అని అడగడం అలవాటైనవాళ్లు చేసే తప్పు ఇది. రెండు మూలాలూ 0కీ 5కీ మధ్యే ఉన్నప్పుడు రెండూ నిజమైన సంఘటనలే. కాలం పరిధిలో లేని మూలాన్ని మాత్రమే వదలాలి, అదీ కారణం రాసి.

కణం మూలబిందువును ఎప్పుడు దాటుతుందని అడిగితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. టి = 5 ఒక మూలం కాబట్టి ఎక్స్ = (టి − 5)(2టి² − 5టి − 1). మిగతా రెండు మూలాలు (5 ± √33)/4, అంటే దాదాపు 2.69 సె, −0.19 సె. రుణ మూలాన్ని ‘కాలం రుణం కాదు’ అని కొట్టేయడం పొరపాటు మాట. గడియారాన్ని ఎక్కడ సున్నా చేశామన్నది మన ఇష్టం. సున్నాకు ముందు కూడా కాలం ఉంది. ఈ లెక్క 0 నుంచి 5 వరకే అడిగింది కాబట్టి వదిలేస్తున్నాం. కారణం అదీ.

32 ఎలా వస్తుంది

తిరిగే చోట్లు రెండూ సరిగ్గానే పట్టారు, నాలుగు స్థానాలూ సరిగ్గానే కట్టారు. ఆ తర్వాత స్థానాల మధ్య తేడాలు కూడకుండా స్థానాల పరిమాణాలనే కూడేశారు: 5 + 16 + 11 + 0 = 32. మార్కుల లెక్కన చూస్తే ముప్పాతిక వంతు పని సరైనదే. దీనికి మందు ఒక గీత. అడ్డంగా సంఖ్యారేఖ గీసి 5, 16, −11, 0 గుర్తులు పెట్టి, బాణాలతో కలిపితే కూడాల్సింది బాణాల పొడవులని కళ్లకే కనిపిస్తుంది.

120, 255: అసలు జబ్బు

ఈ రెండూ ‘ఫార్ములా’ జవాబులు. చూడ్డానికి స్టెప్పులన్నీ శుభ్రంగా ఉంటాయి, అందుకే ప్రమాదకరం.

255 ఇలా వస్తుంది. టి = 0 దగ్గర వేగం 24, త్వరణం −30. యు (తొలి వేగం) = 24, ఏ = −30, టి = 5 అని పక్కన పట్టికలా రాసుకుని

ఎస్ = యు·టి + ½·ఏ·టి² = 120 − 375 = −255

మైనస్ తీసేస్తే 255. ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు తెచ్చుకుంటే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. త్వరణాన్ని కాలంతో సమాకలనం చేస్తే (క్షణక్షణం కూడుకుంటూ పోతే) వేగంలో మార్పు వస్తుంది. త్వరణం స్థిరమైతే దాన్ని సమాకలనం గుర్తు బయటికి తీయొచ్చు; అప్పుడే అది ఏ·టి అవుతుంది. మన కణం త్వరణం −30 నుంచి +30 వరకు మారుతోంది. దాన్ని బయటికి తీసే హక్కు లేదు. వి = యు + ఏ·టి అన్నా ఇదే గొడవ: అది 5వ సెకను చివర వేగం −126 అంటుంది, అసలు వేగం +24.

ఆ సూత్రం చెప్పేదంతా అబద్ధమేం కాదు. నిజ స్థానభ్రంశం 2టి³ − 15టి² + 24టి. సూత్రం ఇచ్చేది 24టి − 15టి². తేడా కచ్చితంగా 2టి³. 0.1 సెకను దగ్గర ఆ తేడా 2 మిల్లీమీటర్లు, ఎవరూ పట్టించుకోరు. 1 సెకను దగ్గర 2 మీటర్లు: సూత్రం 9 అంటే నిజం 11. 5 సెకన్ల దగ్గర 250 మీటర్లు. సమత్వరణ సూత్రం మారే త్వరణానికి కూడా అతి చిన్న కాలవ్యవధిలో పనిచేస్తుంది, వ్యవధి పెరిగేకొద్దీ దాని ఘనం చొప్పున చెడిపోతుంది. ‘సూత్రం వాడకూడదు’ అని చెప్పడం కన్నా ఈ మూడు అంకెలు పలక మీద రాసి చూపిస్తే మనసులో నిలుస్తుంది.

120 ఇంకా మాయదారిది. టి = 0 దగ్గర వేగం 24, టి = 5 దగ్గర కూడా 24. సగటు (24 + 24)/2 = 24. ఐదు సెకన్లకు 120 మీటర్లు. నిజమైన సగటు వేగం −1 మీ/సె అని ఇందాకే చూశాం. 24 ఎక్కడ, −1 ఎక్కడ! తొలి, తుది వేగాల సగటే మొత్తం సగటు అన్న నియమం చాలా పాతది. 14వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీ పండితులు దీన్ని చెప్పారు, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో నికోల్ ఒరెమ్ బొమ్మ గీసి నిరూపించాడు. వాళ్లు దాన్ని చెప్పిందే వేగం సమంగా పెరిగే చలనానికి. ఒరెమ్ బొమ్మలో పైగీత సరళరేఖ. మన కణం వేగం గ్రాఫ్ పరావలయం. రెండు చివరలూ 24 దగ్గర ఉన్నా మధ్యలో −13.5 దాకా దిగుతుంది. చివరలు మాత్రమే చూసే సగటుకు ఆ లోయ కనిపించదు.

మధ్య విలువను కూడా చూసే సగటు ఒకటుంది. తొలి వేగానికి, తుది వేగానికి ఒక్కో వంతు, నడిమి క్షణపు వేగానికి నాలుగు వంతులు ఇచ్చి ఆరుతో భాగించాలి: (24 + 4 × (−13.5) + 24)/6 = −6/6 = −1. ఇది సింప్సన్ నియమం. వేగం కాలంలో మూడో ఘాతం దాటకపోతే కచ్చితమైన జవాబే ఇస్తుంది. సాధనకు దీని అవసరం లేదు గానీ, సరిచూసుకోవడానికి చేతిలో ఉంటే మంచిది.

అదృష్టవశాత్తూ వచ్చే 49

తప్పుల జాబితాలో లేని ఒక తప్పు కూడా ఉంది, జవాబు సరిగ్గా వస్తుంది కాబట్టి పట్టుబడదు. కొందరు వేగం గొడవే లేకుండా ప్రతి సెకనుకూ స్థానం కడతారు: 5, 16, 9, −4, −11, 0. పక్కపక్క తేడాలు 11, 7, 13, 7, 11. కూడితే 49. పూర్తి మార్కులు!

కణం తిరిగిన క్షణాలు 1, 4 పూర్ణాంకాలు కావడం వల్లే ఇది కుదిరింది. సమీకరణంలో 24టి బదులు 30టి పెట్టండి. ఇప్పుడు వేగం 6టి² − 30టి + 30, మూలాలు (5 ± √5)/2, అంటే 1.38, 3.62. సెకను సెకనుకూ కడితే స్థానాలు 5, 22, 21, 14, 13, 30. తేడాల మొత్తం 17 + 1 + 7 + 1 + 17 = 43. తిరిగిన చోట్ల అసలు స్థానాలు 23.09, 11.91; అసలు దూరం 18.09 + 11.18 + 18.09 = 47.36 మీ. 1కీ 2కీ మధ్య కణం 23.09 దాకా వెళ్లి వెనక్కొచ్చిన సంగతి సెకను పట్టికకు తెలియదు. ఈ లెక్కను పరీక్షకు ఇచ్చేవాళ్లు పూర్ణాంకాల మూలాలు ఇవ్వకపోవడమే మంచిదని మా అభిప్రాయం. కాగితం మీద కొంచెం మురికిగా కనిపిస్తుంది, కానీ ఎవరికి వచ్చో ఎవరికి రాదో తేలిపోతుంది.

రుణ త్వరణం అనే మాట చేసే చెరుపు

(ఈ) భాగానికి తరచుగా వచ్చే తప్పు జవాబు ‘0 నుంచి 2.5 వరకు వడి తగ్గుతుంది, తర్వాత పెరుగుతుంది’. త్వరణం గుర్తు ఒక్కటే చూసి చెప్పిన మాట ఇది. ‘రుణత్వరణం’ అన్న పదాన్ని వేగం తగ్గడం అనే అర్థంలో వాడే అలవాటు దీనికి సగం కారణం. త్వరణం ముందు మైనస్ అంటే అది అక్షం రుణ దిక్కుకు గురిపెట్టి ఉందని, అంతే. అప్పటికే రుణ దిక్కుకు పోతున్న కణాన్ని అది ఇంకా తోస్తుంది. 1 నుంచి 2.5 వరకు వేగం 0 నుంచి −13.5కి వెళ్లింది, వడి 0 నుంచి 13.5కి పెరిగింది. రెండు గుర్తులూ ఒకటైతే వడి పెరుగుతుంది, ఎదురెదురైతే తగ్గుతుంది. అక్షాన్ని తిప్పి పెట్టినా రెండు గుర్తులూ కలిసే మారతాయి కాబట్టి ఈ తీర్పు మారదు.

దీని తోబుట్టువు: కణం ఆగిన చోట త్వరణం సున్నా అనుకోవడం. టి = 1 దగ్గర వేగం సున్నా, త్వరణం 12 − 30 = −18 మీ/సె². ఆ క్షణంలో త్వరణం ఉంది కాబట్టే కణం ఆగిన చోట ఆగిపోకుండా వెనక్కి తిరిగింది. అటువైపు టి = 2.5 దగ్గర త్వరణం సున్నా, కానీ కణం వెనక్కి పోయే వడి అక్కడే అత్యధికం. పైకి విసిరిన బంతి గరిష్ఠ ఎత్తు దగ్గర త్వరణం ఎంతని అడిగినప్పుడు ‘సున్నా’ అని వచ్చేది కూడా ఈ పొరపాటు వల్లే.

సమత్వరణంలోనూ ఇదే ఉచ్చు

త్వరణం మారితేనే ఈ బాధలని అనుకోవద్దు. 20 మీ/సె వేగంతో పోతున్న బండికి బ్రేకు వేస్తే వేగం 4 మీ/సె² చొప్పున తగ్గుతోంది. 7 సెకన్లలో ఎంత దూరం పోతుంది?

సూత్రంలో పెడితే 140 − 98 = 42 మీ. సూత్రం సమత్వరణానికే కదా, తప్పేముంది? బండి 5 సెకన్లకే ఆగిపోతుంది. 400/8 = 50 మీటర్ల దగ్గర ఆగింది. మిగతా 2 సెకన్లూ సూత్రం బండిని వెనక్కి నడిపించి 8 మీటర్లు తగ్గించింది. బ్రేకు బండిని ఆపగలదు, వెనక్కి తోయలేదు. ఆగిన క్షణంలోనే త్వరణం −4 నుంచి 0 అయింది. అంటే 7 సెకన్ల పొడవునా త్వరణం స్థిరం కాదు, మొదటి 5 సెకన్లే స్థిరం. జవాబు 50 మీ.

అవే అంకెలు నునుపైన వాలు మీద పైకి విసిరిన దిమ్మెకు పెట్టండి. 4 మీ/సె² రావాలంటే వాలు దాదాపు 24 డిగ్రీలు ఉండాలి. ఇక్కడ దిమ్మె 5 సెకన్లకు 50 మీటర్ల దగ్గర ఆగి, నిజంగానే కిందికి జారుతుంది, ఎందుకంటే ఆగినా గురుత్వం ఆగదు. 7 సెకన్లకు స్థానభ్రంశం 42 మీ, దూరం 50 + 8 = 58 మీ. ఇచ్చిన అంకెలు మూడూ అవే అయినా బండికి 50, దిమ్మెకు 58. బలం ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా సూత్రంలోనే దొరికే తేడా కాదిది.

వేగం స్థానం మీద ఆధారపడితే

ఇంకో మెలిక: కణం వేగం వి = 2ఎక్స్ (మీటర్లు, సెకన్లలో). ఎక్స్ = 3 మీ దగ్గర త్వరణం ఎంత? అవకలనం చేసి ‘2’ అని రాసేస్తారు. ఏ చరరాశితో అవకలనం చేశామో అడగాలి. స్థానంతో చేశాం, త్వరణానికి కాలంతో చేయాలి. ఆ 2కు ప్రమాణాలు కూడా 1/సె, మీ/సె² కాదు. స్థానంతో వచ్చిన అవకలజాన్ని వేగంతో గుణిస్తే త్వరణం: 6 × 2 = 12 మీ/సె². 1 మీటరు నుంచి 3 మీటర్లకు పట్టే కాలం అడిగితే (2 + 6)/2 = 4 అని సగటు తీసి 0.5 సెకను అనేవాళ్లుంటారు. ఇక్కడా త్వరణం స్థిరం కాదు. కాలం 3కు సహజ సంవర్గమానంలో సగం, అంటే 0.549 సె.

తలంలోకి వస్తే

ఇప్పుడు కణం సరళరేఖ వదిలి తలంలో కదులుతోంది: ఎక్స్ = 3టి, వై = 4టి − టి². వేగం అంశాలు 3, 4 − 2టి. త్వరణం అంశాలు 0, −2. టి = 0 దగ్గర వడి 5 మీ/సె, త్వరణం పరిమాణం 2 మీ/సె². అయితే వడి సెకనుకు 2 చొప్పున తగ్గుతోందా? లేదు. త్వరణంలో వేగం దిక్కున ఉన్న భాగమే వడిని మారుస్తుంది: (3 × 0 + 4 × (−2))/5 = −1.6 మీ/సె². మిగతాది దారిని వంచుతుంది. టి = 2 దగ్గర వేగం 3, 0; త్వరణం దానికి లంబం. వడి ఆ క్షణంలో మారడం లేదు, త్వరణం మాత్రం అప్పుడూ 2. సరళరేఖలో గుర్తులు పోల్చినట్టే ఇక్కడ వేగానికీ త్వరణానికీ మధ్య కోణం చూడాలి: లఘుకోణమైతే వడి పెరుగుతుంది, గురుకోణమైతే తగ్గుతుంది.

జవాబు రాశాక ఒక నిమిషం

మొదటి లెక్కకే వద్దాం. సాధన పూర్తి చేయకపోయినా ఆరు తప్పు జవాబుల్లో ఐదింటిని హద్దులతోనే బయటికి పంపొచ్చు. దూరం స్థానభ్రంశం పరిమాణం కన్నా తక్కువ కాదు, 0 పోయింది. ఈ ఐదు సెకన్లలో వడి 24 దాటలేదు కాబట్టి దూరం 24 × 5 = 120 మించదు; 255 పోయింది. 120 సరిగ్గా రావాలంటే కణం పొడవునా 24తో పరుగెత్తాలి, మధ్యలో రెండుసార్లు ఆగిన కణం అలా చేయలేదు, అదీ పోయింది. ఒక్క మధ్య ముక్కలోనే 16 నుంచి −11కి 27 మీటర్లు నడిచింది, ముందూ వెనకా ఇంకా నడిచింది; 5, 27 రెండూ పోయాయి. 32 మాత్రం ఈ హద్దులన్నింటి లోపలే హాయిగా కూర్చుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే సంఖ్యారేఖ గీసి మూడు బాణాలూ కొలవాల్సిందే.